గోడలోంచి వచ్చేస్తున్నారేంటండీ!

ఆగిరిపల్లి దాటి నూజివీడు వెళ్లే దారిలో ఒక మామిడి తోటలో దిగి, నేను ఒకరి ఇంటి గోడ తొక్కాను. మే నెల, కోత జరుగుతోంది. చిక్కం కట్టిన గెడలు కొమ్మల్లో తిరుగుతున్నాయి. చెట్ల కింద వరిగడ్డి పరిచి చిన్నరసాలు పోస్తున్నారు. గాలంతా సొన వాసన. ఆ కుప్పని ఫొటో తీద్దామని నాలుగడుగులు పక్కకి వేసేసరికి వెనక నుంచి కేక వినపడింది.

"అయ్యయ్యో, గోడలోంచి వచ్చేస్తున్నారేంటండీ! తలుపు అటుంది."

ఏడెనిమిదేళ్ల పిల్ల, తోటకి కాపలా ఉండేవాళ్ల అమ్మాయి. కిందికి చూస్తే నిజంగానే ఇల్లుంది. నేల మీద పుల్లతో గీసిన గీతలు, నాలుగు గదులు. వంటింట్లో మూడు మట్టిబెడ్డల పొయ్యి, దాని మీద కొబ్బరి చిప్ప, అందులో ఉడుకుతున్న రాలు పిందెలు. వెనక్కి వెళ్లి, చెప్పులు విడిచి, తలుపులోంచి వచ్చాను.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేను, మా అత్తగారు, ఇద్దరు పిల్లలండీ. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఫోన్ చేస్తారు."

ఫోన్ అంటే ఎండిన మామిడి టెంక. మాట్లాడేటప్పుడు మాత్రం సిగ్నల్ కోసం లేచి గట్టు దాకా వెళ్లి వస్తోంది.

చెక్క బొమ్మరిళ్ల గురించి రాద్దామని బయల్దేరినవాణ్ణి. చెక్క లేకుండానే ఇల్లు కట్టేసిన మనిషి మొదటి మజిలీలోనే ఎదురైంది. ఈ ఆటలో మన భాష ఎంత లోతుకి దిగిందో అక్కడే గుర్తొచ్చింది. ఆడుకునే ఇల్లు బొమ్మరిల్లు. ఆడుకునే వంట గుజ్జెనగూళ్లు. తడి ఇసకలో పాదం దూర్చి కట్టేవి పిచ్చుక గూళ్లు. గిన్నెలూ చెంబులూ లక్కపిడతలు. ఇవి చాలక బొమ్మల పెళ్లి ఒకటి, దానికి నిజం పెళ్లిలో కన్నా ఎక్కువ అలకలు. పెద్దవాళ్ల సంసారంలోని ప్రతి శాఖకీ పిల్లల పేరు ఒకటి ఉంది. 2006లో 'బొమ్మరిల్లు' సినిమా వచ్చాక ఆ మాట వినగానే మనకి ప్రకాష్‌రాజ్ గుర్తొస్తున్నాడు. అదీ తగినదే. కొడుకు ఇంట్లో ప్రతి వస్తువూ తానే అమర్చిన తండ్రి కథ అది.

మొత్తం అమర్చి ఇచ్చిన ఇల్లు మొదట ఎవరిదని చూస్తే, పిల్లలది కానే కాదు. యూరప్‌లో మనకి తెలిసిన తొలి బొమ్మరిల్లుని 1550ల చివర్లో బవేరియా డ్యూక్ ఐదో ఆల్‌బ్రెక్ట్ చేయించుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్న గృహిణి 1686 నుంచి 1710 దాకా పాతికేళ్లు కూర్చుని ఒకటి తయారు చేయించింది. ఇప్పుడది రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులోని వేలెడంత పింగాణీ పాత్రల కోసం చైనాకి ఆర్డరు పెట్టింది. దానికైన ఖర్చుతో ఆ ఊళ్లో కాలవ గట్టున నిజం ఇల్లే వచ్చేదట. ఊర్ట్‌మన్‌దీ డ్యూక్‌దీ బొమ్మలకొలువు బాపతే: పిల్లలు చూడొచ్చు, ముట్టుకోకూడదు.

మన దగ్గర జరిగిందీ అదే. నూజివీడుకి కొండపల్లి దూరమేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఇది ఏలూరుకీ అది ఎన్టీఆర్ జిల్లాకీ పోయాయి గానీ, అంతకుముందు రెండూ కృష్ణా జిల్లా ఊళ్లే. మామిడి చెట్టు నుంచి బొమ్మ దాకా ఒక పూట ప్రయాణం. ఆ చుట్టుపక్కల పిల్లలు మాత్రం కొండపల్లి ఏనుగు అంబారీని అద్దాల బీరువాలో తప్ప చేతుల్లో చూడరు. సంక్రాంతికి బయటికి తీసి, మెట్ల మీద పెట్టి, కనుమ దాటాక మళ్లీ పాత చీర ముక్కలో చుట్టి లోపల పెట్టేస్తాం. ఈ పాపం నాదీనూ. మా ఇంట్లో దశావతారాలున్నాయి, ఒక్క అవతారం ముక్కూ అరగలేదు.

కొండపల్లిలో బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు రాజస్థాన్ నుంచి వచ్చామని చెప్పుకుంటారు. వాళ్ల చెక్క తెల్ల పొనికి. చేతిలోకి తీసుకుంటే బరువు లేక, పట్టుకున్నట్టే అనిపించదు. దాన్ని సన్నని సెగ మీద ఆరబెడతారు. తలా మొండెమూ చేతులూ వేరువేరుగా చెక్కి, ఆకురాయితో రాసి, మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద. అతుకుకీ అదే, ఒంపు తేల్చడానికీ అదే. ఏనుగు కుంభస్థలం, రైతు తలపాగా, తాటి చెట్టెక్కే గీతకార్మికుడి మోకాలు, వీటిలో సగం ఉలి చేసిన పనైతే సగం మక్కు చేసిన పని. ఆపైన సుద్ద పూత, రంగు. చెట్టులో పనికిరాని పొట్టు కూడా బొమ్మలోనే కలిసిపోయే పద్ధతికి ఇంకో ఊళ్లో అయితే పెద్ద పేరు పెట్టి సదస్సులు పెట్టేవారు.

చిక్కల్లా చెట్టుతోనే. కొండపల్లి కొండల్లో పొనికి పలచబడి చాలా కాలమైంది. కొట్టినంత వేగంగా పెరగదు. పైగా మెత్తని చెక్క. కొలువులో నిలబడడానికి సరిపోతుంది గానీ, రోజుకి పదిసార్లు కిందపడే బొమ్మరిల్లు గోడకి ఆగదు. అందుకని పొనికిని మనుషులకీ జంతువులకీ వదిలేసి, ఇంటికి ఇంకో చెక్క వెతకాలి.

నూజివీడులో నిలబడి చెక్క కోసం వెతకడమంటే కాస్త నవ్వొస్తుంది. చుట్టూ రెడ్డిగూడెం, విస్సన్నపేట, చాట్రాయి, ముసునూరు, ఎటు చూసినా మామిడి. ముసలిదైపోయి కాపు తగ్గిన చెట్టుకి ఇక్కడ రాసిపెట్టిన గతి మూడు రకాలు: పొయ్యి, చితి, స్లాబు కింద సెంట్రింగ్ చెక్క. వడ్రంగిని అడిగితే "మామిడికి పురుగు పడుతుంది బాబూ" అని తేల్చేస్తాడు. అబద్ధం కాదు. కానీ అదే మామిడి చెక్కతో జోధ్‌పూర్‌లో బల్లలూ బీరువాలూ చేసి విదేశాలకి పంపిస్తున్నారు. కిటుకంతా ఆరబెట్టడంలో ఉంది. కొట్టిన చెట్టుని వానకి వదిలేయకుండా వెంటనే పలకలు కోసి, నీడన గాలాడేలా పేర్చి, బట్టీలో వేడి పట్టించాలి. ఎగుమతి సరుకు పెట్టే చెక్క పెట్టెలకి అంతర్జాతీయ నియమమొకటి ఉంది: చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి తగలాలి, అరగంట నిలవాలి. అంతటితో లోపలి పురుగు చస్తుంది. మళ్లీ పట్టకుండా పైన లక్కో నూనో పూసి రంధ్రాలు మూయాలి. పెట్టెకి చేసేది బొమ్మకి చేయలేమా?

ఇంకో చెక్క ఊళ్లోనే ఉంది, పనస. నూజివీడు వీణలకి పేరున్న ఊరు. ఒకే పనస దుంగని తొలిచి కుండా దండీ కలిపి చేస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. తొలిచినదంతా కిందపడుతుంది కదా. పసుపుపచ్చని ఆ తునకలు చిన్న దూలాలకీ గడపలకీ సరిగ్గా సరిపోయే సైజు.

ఇక ఇల్లు. బజార్లో దొరికే చెక్క బొమ్మరిల్లు ఏటవాలు కప్పు, పొగగొట్టం, ముందు గోడ తలుపులా తెరుచుకోవడం, ఇదీ వరస. మన పిల్లలకి పొగగొట్టంతో పనేముంది? నన్నడిగితే మండువా లోగిలి కడతాను. ఇది పాత ఇళ్ల మీద మమకారంతో అంటున్నది కాదు. విదేశీ బొమ్మరిల్లు బల్ల మీద పెట్టి ఎదురుగా నిలబడి చూడడానికి పుట్టింది, ఒక బీరువాకి బంధువు. మన పిల్లలు నేల మీద కూర్చుని పైనుంచి చూస్తారు. పైనుంచి చూడ్డానికి మండువా కన్నా వీలైన ఇల్లు ప్రపంచంలో ఉందా? నడిమధ్య ఆకాశం కనపడుతుంది. చుట్టూ నాలుగు పంచలు, ఎటు కూర్చున్న పిల్లకి అటువైపు వాటా. నలుగురు ఆడినా మోచేతులు తగలవు. నడిమి వాకిలికి చెక్క అడుగు పెట్టను, ఇంటి నేలే వాకిలి. అప్పుడు పైనుంచి చెంబుతో వాన కురిపించినా చెక్క పాడవదు, గచ్చు తుడుచుకోవాలంతే. గోడలు గాడిలో దూరేవిగా ఉండాలి, మేకుతో కొట్టినవి కాదు. ఈ పూట వంటిల్లైనది రేపు బడి కావాలి, ఎల్లుండి ఆర్టీసీ బస్టాండు. వీధి అరుగు మాత్రం తప్పనిసరి. అరుగు లేకపోతే వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు, ఇంట్లో కబుర్లు బయటికి ఎలా పోతాయి?

మంచాలూ కుర్చీలూ టీవీలూ చేసి పెట్టను. ఓ గుప్పెడు చెక్క ముక్కలు ఇస్తానంతే. 1971లో సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ శిల్పి ఒక వ్యాసం రాశాడు. ఒక చోట ఎన్ని విడి ముక్కలుంటే అక్కడ అంత కల్పన పుడుతుందని ఆయన వాదన. అంతకుముందే సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ, పిల్లవాడి కాళ్ల మధ్య కర్ర గుర్రమైనప్పుడు వస్తువు నుంచి అర్థం విడిపోవడం మొదలవుతుందన్నాడు. తాటి ముంజలు తిని, ఆ బుర్రలకి పుల్ల గుచ్చి బండి తోలిన వాళ్లకి ఈ సంగతి రష్యా నుంచి రానక్కర్లేదు. 2020లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు 4 నుంచి 8 ఏళ్ల పిల్లలు 33 మంది మెదళ్లని గమనించారు. ఒంటరిగా బొమ్మలతో ఆడుతున్నప్పుడు, ఎదుటివాళ్లని అర్థం చేసుకోవడంలో పనిచేసే భాగం చురుకైందట. ట్యాబ్‌లో ఒంటరిగా ఆడినప్పుడు అంతగా కాలేదట. ఆ పరిశోధనకి డబ్బిచ్చింది బార్బీ బొమ్మల కంపెనీ మాటెల్ అని కూడా చెప్పాలి. అయినా దుబాయ్ మొగుడి తరఫునా, అత్తగారి తరఫునా ఒక్కతే మాట్లాడుతున్న పిల్లని చూశాక నాకు ఆ ఫలితం మీద పెద్ద అనుమానం కలగలేదు.

రంగు సంగతి తేలికగా వదిలేసేది కాదు. కొండపల్లి బొమ్మల మీద ఇప్పుడు కనపడే మెరుపు ఎక్కువగా ఎనామిల్‌ది. ఏటికొప్పాక దారి వేరు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క రాస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. అక్కడ పసుపు, నీలిమందు, జాఫరా గింజల లాంటి వాటి నుంచి రంగులు తీయడాన్ని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. లక్కపిడత నోట్లో పెట్టుకున్నా భయం లేకపోవడం అంటే అది. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకి బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేశారు. నమోదైన చేతివృత్తులవాళ్లకీ, జీఐ గుర్తింపున్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. ఇవ్వకపోతే పరీక్షల ఖర్చుకే ఆ కుటుంబాలు కొట్లు మూసుకునేవి, కాబట్టి అది న్యాయమే. కానీ చంటిపిల్ల నోటికి మినహాయింపులు తెలీవు. మామిడి చెక్క ఇంటికి లక్కే పూయాలి, అదీ ఏటికొప్పాక రంగుతో. లేదా ఏ రంగూ వేయక్కర్లేదు. మామిడిలో సహజంగానే గోధుమరంగు చారలుంటాయి.

ఇదంతా ఆ పిల్లకి చెప్పలేదు. కోతలు అయిపోకముందే రెండోసారి వెళ్లినప్పుడు కొండపల్లి ఎడ్లబండి ఒకటి తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్లమ్మ దాన్ని చూసి, "పాడుచేస్తుందండీ, పైన పెట్టేస్తా" అంది. బతిమాలి కిందే ఉంచమన్నాను.

మూడోసారి వెళ్లేసరికి తోటలో కాయ లేదు. ఇల్లు రెండు చెట్ల అవతలికి మారింది. బండి నిండా పిందెలు, పైన తడి గోనె ముక్క కప్పి ఉంది. ఒక ఎద్దుకి కొమ్ము లేదు, మెడ దగ్గర సుద్ద లేచి తెల్ల పొనికి కనపడుతోంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, గొంతు తగ్గించి చెప్పింది.

"దానికి ఒంట్లో బాలేదండీ. డాక్టరుగారికి కబురు పెట్టాం. గోడవతల కూర్చోండి, అరుగు మీద."