తెలుగు బైబిలులో మంత్రవిద్యకు వాడిన మాటలు

ఆదవానికిని ఎమ్మిగనూరునకును నడుమనున్న పెద్దకడుబూరు ప్రాంతమున ‘వానికి మందు పెట్టినారు’ అన్నచో, ఔషధ మిచ్చిరని ఎవ్వరును గ్రహింపరు. కూటిలో ఏదియో కలిపి వశపరచుకొనిరనియో, చెరచిరనియో తలంతురు. తెలుగునాట పలుచోట్ల ఈ యర్థము కలదు. పొరుగు కన్నడమునను ‘మద్దు’ ఇట్లే వాడబడును. ఆదవాని తాలూకా 1953 వరకు బళ్ళారి మండలములోనిదే కదా.

గ్రీకుభాషలోని ‘ఫార్మకోన్’ అను పదమును ఇట్టిదే. మందు, విషము, వశ్యౌషధము మూడును దాని యర్థములే. దానినుండి పుట్టిన ‘ఫార్మకేయా’ను పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో నింద్యకార్యములతో చేర్చెను. నేడు విరివిగా చదువబడు తెలుగు బైబిలున దీనికి ‘అభిచారము’ అని కలదు. మాట శాస్త్రసమ్మతమే, కాని మందు వాసన దానిలో లేదు. మందునకు భయపడువాడు ఆ పట్టికలో తన భయమును గుర్తుపట్టుట కష్టము. ద్వితీయోపదేశకాండమున సోదె, చిల్లంగి, కర్ణపిశాచి అను జనుల మాటలనే గైకొన్న అనువాదము ఇచట సంస్కృతము నేల ఆశ్రయించెనో!

ఇంతకంటె చిక్కైనది ‘మాగోస్’. తొలుత అది పారసీక పురోహితుల పేరు. గ్రీకుల నోట మంత్రగాడను తిట్టుగను మారినది. మత్తయి సువార్తలో నక్షత్రమును చూచి వచ్చినవారును, కుప్రద్వీపమున పౌలు నెదిరించిన బర్ యేసును మూలమున ‘మాగోస్’ అను పేరివారే. తెలుగున మొదటివారు ‘జ్ఞానులు’, రెండవవాడు ‘గారడీవాడు’. ఇది దోషమని మేమనము. మూలపదమునందే ఆ రెండర్థములును కలవు. కాని ‘గారడీ’ మాత్రము మాకు రుచింపదు. మామిడిటెంక నాటి క్షణములో మొక్కను చూపువాడు గారడీవాడు. ప్రజలు వానిని చూచి నవ్వుదురు, పైస వేయుదురు. సమరయలోని సీమోను అట్టివాడు కాడు. జనులు వానిని దేవుని మహాశక్తిగా నమ్మిరి. ‘మంత్రగాడు’ అనినచో ఆ బరువు నిలిచెడిది.

ఎవడు మహిమ గలవాడు, ఎవడు మంత్రగాడు అను తగవు మిక్కిలి పాతది. 2వ శతాబ్దమున కెల్సుసు అను గ్రీకు పండితుడు, యేసు ఈజిప్టున మంత్రవిద్య నేర్చెనని నిందించెను. యూదుల తాల్మూదునందును ఆయనపై మంత్రవిద్యారోపణ కలదు. మరియొకవైపున, ఎఫెసులోని యూద భూతవైద్యులు యేసు నామముతోనే దయ్యములను వదలింపజూచిరి. పారిసులోనున్న 4వ శతాబ్దపు ఈజిప్టు మంత్రగ్రంథమున యేసును హెబ్రీయుల దేవుడని పేర్కొని ఉచ్చాటనము చేయు విధి కలదు. జోసీఫసు చెప్పిన ఎలియాజరు, వెస్పాసియను ఎదుట, వేరు పొదిగిన యుంగరమును రోగి ముక్కునొద్ద నుంచి, సొలొమోను పేరుచెప్పి దయ్యమును వెడలించెనట. అచట మందును మంత్రమును వేరు కావు.

3వ శతాబ్దమున కెల్సుసునకు బదులు వ్రాసిన ఓరిగెను సైతము, కొన్ని నామముల శక్తి ధ్వనియందే యున్నదనియు, భాష మార్చిన నది పోవుననియు ఒప్పుకొనెను. మన మాంత్రికులు బీజాక్షరములను గూర్చి చెప్పునదియు నిదియే. ఈ దృష్టితో మార్కు సువార్తలోని ‘తలీతాకుమీ’ని చూడవలెను. మార్కు ఆ అరామిక ధ్వనిని అట్లే నిలిపెను, మంత్రమువలె వినబడును. కాని మంత్రగాడు అర్థమును దాచును. మార్కు వెంటనే దానిని విప్పిచెప్పెను: అది ఒక చిన్నదానిని లేపుట మాత్రమే. తెలుగు అనువాదమున ధ్వనియు అర్థమును రెండును నిలిచినవి.