పాత కారు - దూర ప్రయాణం

పిల్లలూ! మీ ఇంట్లోగాని, మీ తాతగారింట్లోగాని పాత అంబాసిడర్ కారు ఉన్నదా? లేకపోయినా వీధిలో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. గుండ్రటి బానెట్టు, పెద్ద పెద్ద దీపాలు, ఇంటిల్లిపాదీ సర్దుకుని కూర్చోగల వెడల్పాటి సీట్లు - దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఇంగ్లండులో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు దీనికి మూలం. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో హిందుస్తాన్ మోటార్స్ వారు దీన్ని తయారు చేసేవారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో ఆగిపోయింది. కాబట్టి అంబాసిడర్లలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా ఇప్పుడు పదేళ్లు దాటాయి. ముప్ఫయి, నలభై ఏళ్లు నిండి ఇంకా తిరుగుతున్నవీ ఉన్నాయి.

వేసవి సెలవుల్లో అలాంటి కారులో హైదరాబాదు నుంచి అరకులోయకు వెళ్లాలని మీ ఇంట్లో అనుకున్నారనుకోండి. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా ఏడు వందల కిలోమీటర్లకు పైచిలుకు ప్రయాణం. దారి పొడుగునా మైదానపు ఎండ. చివరికి అనంతగిరి ఘాటు రోడ్డు. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది.

"రోజూ బజారుకు వెళ్లివస్తూనే ఉన్నది గదా, దీనికేం వచ్చింది?" అని పెద్దవాళ్లు అనవచ్చు. రోజూ వీధి చివరిదాకా నడిచివచ్చే తాతగారు ఒకనాటి ఉదయం లేచి తిరుమల కొండ కాలినడకన ఎక్కుతానంటే మీరేమంటారు? "ముందు డాక్టరుకు చూపించుకోండి తాతగారూ!" అనరూ? పాత కారు విషయమూ అంతే.

ముందు ముసలిదయ్యేది ఏది?

కారులో అన్నిటికన్నా ముందు పాడయ్యేది ఏది? ఇనుము అనుకుంటారు చాలామంది. కాదు. రబ్బరు!

ఏళ్ల తరబడి అలమారలో పడి ఉన్న రబ్బరు బ్యాండును ఎప్పుడైనా సాగదీశారా? టప్పున తెగిపోతుంది. దాన్ని ఎవరూ వాడలేదు, అయినా పాడయింది. గాలిలోని ఆక్సిజను, ఓజోను, ఎండ, వేడి - ఇవన్నీ కలిసి రబ్బరును మెల్లమెల్లగా గట్టిపరుస్తాయి. గట్టిపడిన రబ్బరు వంగలేక బీటలు వారుతుంది.

ఇక కారులో రబ్బరు ఎక్కడెక్కడ ఉన్నదో చూడండి. టైర్లు రబ్బరు. రేడియేటరు గొట్టాలు రబ్బరు. ఫ్యాను బెల్టు రబ్బరు. పెట్రోలు పైపులో కొంతభాగం రబ్బరు. బ్రేకుల లోపల ఉండే చిన్న చిన్న గిన్నెలు కూడా రబ్బరే. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరు చెబుతుంది. కాని రబ్బరుకు ఎన్నేళ్లు వచ్చాయో ఏ మీటరూ చెప్పదు. "మా కారు ఎక్కువ తిరగలేదు, షెడ్డులోనే ఉన్నది" అన్నంత మాత్రాన కారు బాగున్నట్టు కాదు.

అందుకని తయారీ పని ప్రయాణానికి మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. తయారీ ఆగిపోయిన కారుకు కావలసిన సామాను ఒక్కరోజులో దొరకకపోవచ్చు. వేసిన కొత్త సామాను సరిగా పనిచేస్తున్నదో లేదో చూసుకోవడానికీ వ్యవధి కావాలి.

కాగితం చెప్పే కబురు

మొదటి పరీక్ష మీరే చేయవచ్చు. సాయంత్రం కారును చదునైన చోట నిలిపిన తరువాత, ఇంజను చల్లారాక, ముందు భాగం కిందికీ నాలుగు చక్రాల పక్కకూ పాత వార్తాపత్రికలు జరపండి. కారు కిందికి మీరు దూరవద్దు, కర్రతో జరిపితే చాలు. తెల్లవారి ఆ కాగితాలను తీసి చూడండి.

నల్లటి, జిడ్డు మరక ఉంటే ఇంజనాయిలు కారుతున్నదన్న మాట. ఆకుపచ్చగానో, గులాబీ రంగుగానో ఉంటే రేడియేటరులోని కూలెంటు. చక్రం లోపలి పక్కన లేత పసుపు రంగులో జారుడుగా ఉండే మరక పడిందా? అది బ్రేకు ఆయిలు కావచ్చు. అలాంటి మరక కనిపిస్తే ఆ కారును కదిలించనివ్వకండి. మెకానిక్కునే ఇంటికి పిలిపించమనండి.

టైరు పుట్టిన తేదీ

టైరు పక్క గోడ మీద బోలెడు అక్షరాలూ అంకెలూ అచ్చువేసి ఉంటాయి. వాటిలో గుండ్రటి గీత మధ్య నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. వెతకండి. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారయిందని అర్థం. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. నాలుగు బదులు మూడంకెలే ఉంటే ఆ టైరు 2000వ సంవత్సరానికి ముందుది. దాని మీద ప్రయాణం మాటే తలపెట్టకూడదు!

అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్లు దాటితే చూడటానికి బాగున్నా మార్చేయాలనీ టైర్లు తయారు చేసేవారు సలహా ఇస్తారు. పక్క గోడలో సన్నటి బీటలు కనిపిస్తే వయసు ఎంతయినా టైర్ల షాపులో చూపించాలి. టైరు మీది గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అంత లోతు దగ్గర గాడుల అడుగున చిన్న చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే దాని పని అయిపోయినట్టే.

గాలి సంగతి కూడా చూడాలి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నొక్కుకుపోయి, మళ్లీ లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కుతుంది గదా, అలాగే టైరూ వేడెక్కుతుంది. మే నెల ఎండలో, కాలిపోతున్న రోడ్డు మీద, నిండుగా సామాను వేసుకుని గంటల తరబడి పరుగెత్తితే అది పగిలిపోవచ్చు. కాబట్టి ఉదయం బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించాలి.

డిక్కీలోని అదనపు చక్రాన్ని మరచిపోకండి. దాన్ని మనం స్టెప్నీ అంటాం. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1904లో వేల్సు దేశంలోని లానెల్లి అనే ఊళ్లో, స్టెప్నీ వీధిలో ఇలాంటి చక్రాన్ని తయారు చేశారు. ఆ వీధి పేరే చక్రానికి నిలిచింది. అవసరం వచ్చిననాడు స్టెప్నీలో గాలి లేకపోతే అది ఉండీ లేనట్టే.

నీళ్లు, వేడి, ఒక చిన్న మూత

ఇంజనులో మండిన పెట్రోలు శక్తిలో నాలుగో వంతు మాత్రమే కారును నడపడానికి పనికివస్తుంది. మిగిలినదంతా వేడే. కొంత పొగగొట్టం గుండా పోతుంది. కొంతను ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు మోసుకువచ్చి రేడియేటరులో గాలికి వదులుతాయి. కొండ ఎక్కేటప్పుడు ఇంజనుకు పని ఎక్కువ, కారుకు వేగం తక్కువ. అంటే వేడి ఎక్కువ, తగిలే గాలి తక్కువ. పాత కార్లు ఘాటు రోడ్డు పక్కన బానెట్టు ఎత్తుకుని నిలబడటానికి కారణం ఇదే.

ఇంకొక చిక్కున్నది. ఎత్తుకు పోయినకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సముద్రతీరాన 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు అరకులో సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. దీనికి విరుగుడు రేడియేటరు మూతలోనే ఉన్నది. ఆ మూతలో ఒక స్ప్రింగు, ఒక రబ్బరు బిళ్ల ఉంటాయి. అవి లోపలి ఒత్తిడిని బయటికి పోనివ్వవు. మీ అమ్మగారి ప్రెషరు కుక్కరులో లాగా, ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. రబ్బరు బిళ్ల ముసలిదైతే ఒత్తిడి నిలవదు, నీళ్లు పొంగిపోతాయి. కొద్దిపాటి డబ్బుకు వచ్చే మూత కోసం ఇంజను కాలిపోయే ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు?

అందుకే రేడియేటరు గొట్టాలను మెకానిక్కు నొక్కి చూడాలి. మెత్తగా ఉబ్బినా, గట్టిపడి బీటలువారినా మార్చాలి. ఫ్యాను బెల్టునూ చూడాలి. అది తెగితే నీళ్లు తిప్పే పంపూ, ఫ్యానూ, కరెంటు పుట్టించే డైనమో మూడూ ఒక్కసారే ఆగిపోతాయి. రేడియేటరులో బోరు నీళ్లు పోయకూడదు. ఆ నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టడం మీరు చూసే ఉంటారు. అలాంటి పెచ్చే రేడియేటరు సన్నగొట్టాలనూ మూసేస్తుంది. డిస్టిల్డు వాటరూ కూలెంటూ కలిపి పోయాలి.

ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎవరూ తిప్పకూడదు. ఒత్తిడి పోగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంటకు పైగా ఆగి, పూర్తిగా చల్లారాకనే పెద్దవాళ్లు తీయాలి.

ఎక్కడం కాదు, దిగడం కష్టం

కొండ ఎక్కేటప్పుడు కారు ఆగిపోతే చెట్టు నీడన కూర్చోవచ్చు. కొండ దిగేటప్పుడు కారు ఆగకపోతేనో?

ఒక లెక్క చేద్దాం. కారు, మనుషులు, సామాను అన్నీ కలిపి 1500 కిలోలు అనుకోండి. అది 900 మీటర్లు దిగేసరికి బయటపడే శక్తి అంతా బ్రేకులలోనే వేడిగా మారితే, ఆ వేడితో సుమారు 45 లీటర్ల చన్నీళ్లను మరిగేదాకా కాచవచ్చు. పెద్ద గంగాళం నిండా మరిగే నీళ్లన్న మాట! అంత వేడి చక్రాల లోపల ఉన్న నాలుగు డ్రమ్ములు భరించాలి.

బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే సూది లేని ఇంజెక్షను సిరంజి ఒకటి తెచ్చుకోండి. దాన్ని నీళ్లతో నింపి, మూతిని వేలితో మూసి వెనక నుంచి నొక్కండి. కదలదు. ఇప్పుడు నీళ్లు పారబోసి, గాలి నింపి నొక్కండి. లోపలికి పోతుంది. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. ద్రవం తన మీద పడిన ఒత్తిడిని అన్ని వైపులకూ సమానంగా పంచుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. బ్రేకు పెడలు మీద పెట్టిన కాలి బలం నాలుగు చక్రాలకూ చేరేది బ్రేకు ఆయిలు ద్వారానే.

కాని ఆ ఆయిలుకు ఒక దుర్గుణం ఉన్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. దిగుడులో బ్రేకులు వేడెక్కి ఆయిలు మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నలుగుతుంది. సిరంజిలోని గాలిలాగా! పెడలు నేలదాకా పోతుంది, కారు మాత్రం ఆగదు.

కనుక పెద్ద ప్రయాణానికి ముందు పాత బ్రేకు ఆయిలంతా తీయించి కొత్తది పోయించాలి. తరువాత కూడా రెండేళ్లకొకసారి మార్చాలి. చక్రాల దగ్గరి రబ్బరు గిన్నెలను, గొట్టాలను, బ్రేకు లైనింగును చూపించాలి. ఇక దిగేటప్పుడు, ఏ గేరులో కొండ ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే కారును పట్టి ఉంచుతుంది, బ్రేకులకు భారం తగ్గుతుంది.

పెట్రోలు, కరెంటు

2025 నాటికి మన బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. పాత కార్ల రబ్బరు పైపులను దాన్ని దృష్టిలో ఉంచుకుని చేయలేదు. వాటిని ఇథనాలు ఉబ్బించవచ్చు, పెళుసుబార్చవచ్చు. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే మంటే! ఇథనాలుకు తట్టుకునే కొత్త పైపు వేయించడం మంచిది. మంటలార్పే చిన్న సిలిండరొకటి కారులో ఉండాలి.

బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టి ఉంటే మెకానిక్కు చేత శుభ్రం చేయించండి. బ్యాటరీలో ఆసిడు ఉంటుంది కాబట్టి మీరు ముట్టుకోవద్దు. చీకటి పడ్డాక మాత్రం మీకొక పని. కారు వెనక నిలబడి, నాన్నగారు బ్రేకు నొక్కినప్పుడు ఎర్రదీపాలు రెండూ వెలుగుతున్నాయో లేదో చూసి చెప్పండి. లోపల కూర్చున్నవారికి అవి కనబడవు.

చిన్న ప్రయాణం, చిన్న పెట్టె

మరమ్మతులన్నీ అయ్యాక తిన్నగా అరకుకు బయలుదేరకూడదు. వారం ముందు ఒక ఆదివారం నిండు సామానుతో యాభై, అరవై కిలోమీటర్లు వెళ్లిరావాలి. రాగానే మళ్లీ కాగితాల పరీక్ష చేయాలి.

డిక్కీలో ఒక పెట్టె సర్దండి. అదనపు ఫ్యాను బెల్టు, రేడియేటరు గొట్టం, ప్లగ్గులు, పాయింట్లు, ఫ్యూజులు, జాకీ, చక్రం పానా, టార్చి, లాగడానికి తాడు, ప్రథమ చికిత్స సామాను, ఎర్ర ముక్కోణపు గుర్తు, పది లీటర్ల నీళ్లు. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ కాగితమూ, ఇన్సూరెన్సూ, పొగ పరీక్ష సర్టిఫికెట్టూ దగ్గర ఉండాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఏ ఆపదకైనా 112 నంబర్లు రాసి ముందు అద్దం దగ్గర అంటించండి. వెనక సీటుకు బెల్టులు లేకపోతే పెట్టించాలి. చిన్నపిల్లలు ముందు సీటులో ఒకరి ఒళ్లో కూర్చోకూడదు.

అన్నీ చూసిన మెకానిక్కు, "అయ్యా, బ్రేకులకు నేను హామీ ఇవ్వలేను" అన్నాడనుకోండి. అప్పుడేం చేయాలి? కారును ఇంటి దగ్గరే ఉంచాలి. అందులో చిన్నతనమేమీ లేదు. విశాఖపట్నం నుంచి అరకుకు సొరంగాల గుండా పోయే రైలు ఉన్నది. ఆ ప్రయాణమూ బ్రహ్మాండంగా ఉంటుంది. సామాను దొరికాక, మరమ్మతు అయ్యాక, వచ్చే సెలవుల్లో కారులో వెళ్లవచ్చు.

మీ ఇంట్లో కారు లేకపోయినా ఫరవాలేదు. పక్కింటివారినో, మామయ్యనో అడిగి, ఆగి ఉన్న కారు టైరు మీద ఆ నాలుగంకెలు వెతికి చదవండి. తమ టైరుకు ఎన్నేళ్లు వచ్చాయో చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. మీరు చెబితే తెలుసుకుంటారు.