రేగట్లోకి రాయి నడిచొచ్చిన దారి

నల్లరేగట్లో రాయి పుట్టదు. గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లండి. కొండవీడు, కోటప్పకొండ లాంటి గుట్టలు వదిలేస్తే కనుచూపు మేర పత్తి, మిరప, మధ్యమధ్య తుమ్మచెట్లు. ఎండాకాలం పాదం దిగబడేంత నెర్రెలిచ్చే ఆ నేలలో, చిన్నప్పుడు మాకు వడిసెలకు గులకరాయి కావాలన్నా వాగు దాకా పరుగెత్తాల్సిందే. కాబట్టి ఈ మైదానంలో గుడి గడప, ఊరి బొడ్రాయి, పెరట్లో రోలు, అన్నీ ఎక్కడో పుట్టి ఇక్కడికి నడిచొచ్చినవే.

పెద్ద రాళ్ల కట్టడాలనగానే ఇప్పుడు ఫోన్లో వచ్చే వీడియోలన్నీ గ్రహాంతరవాసుల దగ్గరికే వెళ్లి ఆగుతున్నాయి. మనుషుల వల్ల కాదట! మా వైపు సంక్రాంతికో తిరునాళ్లకో ఒక్కసారి వచ్చి ఎడ్ల పందెం చూసినవాడు ఆ మాట అనడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రాకాసి గుళ్లు

క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి సుమారు వెయ్యేళ్లపాటు, ఇనుము వాడకం నేర్చిన దక్షిణాది జనం చనిపోయినవాళ్లకు రాతి ఇళ్లు కట్టారు. పండితులు వీటిని బృహత్ శిలాయుగపు సమాధులంటారు. జనానికి మాత్రం ఇవి రాకాసి గుళ్లు, లేదా పాండవుల గుళ్లు. పల్నాట్లో నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునిగిపోకముందు 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో, బౌద్ధ విహారాలతోపాటు గుండ్రాళ్లను వలయంగా పేర్చిన ఇలాంటి సమాధులూ బయటపడ్డాయి. అంటే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలయకముందే అక్కడ రాయి మోసినవాళ్లున్నారన్నమాట.

ఎత్తులో తెలుగునాట పేరెన్నికగన్నవి కృష్ణ ఎగువన, నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తువి దాదాపు 80 ఉన్నాయి. ఊరివాళ్లకు అవి నిలురాళ్ల తిమ్మప్పలు. ఒక బండ మీద తొలిచిన చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు గుర్తించారు. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

నన్ను అడిగితే ఎత్తు కన్నా పెద్ద వింత రాతిగూళ్ల అమరికలో ఉంది. 1947లో మోర్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వి చూసిన సమాధుల్లో నాలుగు పలకలను పెట్టెలా మూలకు మూల కలపలేదు. ఒక్కో పలక చివర పక్కదాన్ని దాటి బయటికి పొడుచుకొస్తుంది. పైనుంచి చూస్తే స్వస్తిక ఆకారం. చుట్టూ ఉన్న మట్టి లోపలికి నెట్టేకొద్దీ పలకలు కూలిపోయే బదులు ఒకదానికొకటి దన్నుగా నిలబడి ఇంకా బిగుస్తాయి. సున్నం లేదు, మేకు లేదు, మట్టి బరువే బందం. తూర్పు పలకకు గుండ్రని కంత ఒకటి. రాయి పగలకుండా కంత పెట్టాలంటే రెండు వైపుల నుంచీ పొడుచుకుంటూ వచ్చి మధ్యలో కలపాలి. తలుపు గడియకు చిల్లి పెట్టే వడ్రంగి కూడా చెక్క అంచు చీలకుండా ఇదే పని చేస్తాడు.

పౌను కట్టెకు ముప్పై పౌన్ల రాయి

డైనమైట్ లేని రోజుల్లో పలకను బండ నుంచి ఎలా లేపారు? దీనికి జవాబు చెప్పడానికి ఊహ అక్కర్లేదు, కొలత ఉంది. 1890లలో బెంగళూరు దగ్గర రాళ్ల పనివాళ్లు గ్రానైట్ తీస్తుంటే డాక్టర్ వార్త్ అనే ఆయన పక్కన నిలబడి లెక్క రాసుకున్నాడు. చదునైన బండ మీద ఏడడుగుల పొడవున కట్టెలు వరసగా పేర్చి నిప్పు పెట్టారు. వేడికి పైపొర ఉబ్బి కింది రాయి నుంచి విడివడుతుంది. విడిందీ లేనిదీ కంటికి కనపడదు. సుత్తితో తట్టి చెవితో వినాలి. అతుక్కుని ఉన్న రాయిది ఒక మోత, విడిన రాయిది మరో మోత. మోత మారగానే మండుతున్న కట్టెల్ని కొద్ది అంగుళాలు ముందుకు తోస్తారు. మళ్లీ తట్టడం, మళ్లీ వినడం. ఎనిమిది గంటల్లో సుమారు 740 చదరపు అడుగుల పలక, సగటున ఐదంగుళాల మందంతో, ఒక్క ముక్కగా లేచొచ్చింది. ఆయన లెక్క ప్రకారం ఒక పౌను కట్టెకు 30 పౌన్ల రాయి. మా అమ్మమ్మ కట్టెలపొయ్యి కూడా అంత పొదుపుగా మండి ఎరగదు.

అంత పలక లేచాక దాన్ని కావలసిన కొలతకు చీల్చడం మనవైపు వడ్డెరలు నేటికీ చేసే పనే. గీత గీసి, గీత పొడవునా జానెడు ఎడంలో గుంటలు తొలిచి, ఇనుప మేకులు దిగేసి, సమ్మెటతో ఒక్కో మేకు మీద ఒక్కో దెబ్బ వేస్తూ పోతారు. ఒకే మేకును పట్టుకుని బాదితే రాయి అడ్డం పగులుతుంది. వరస తప్పకుండా అందరికీ సమానంగా వడ్డించినట్టు కొట్టాలి. చివరికి దెబ్బ పడకుండానే లోపల చిన్న చిటుకు వినిపిస్తుంది. మేస్త్రి సమ్మెట దించేసి బీడీ వెలిగించుకుంటాడు. మిగతా పని రాయే చేసుకుంటుంది.

బండలాగుడు

ఇక మోసుకురావడం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడనివాళ్లకు ఒక మాట. ఇది బండి పందెం కాదు, చక్రమన్నది ఉండదు. చెక్కిన గ్రానైటు దిమ్మెను గొలుసుతో కాడికి కట్టి ఉత్త నేల మీద ఈడ్పిస్తారు. ఎడ్ల వయసును పళ్లను బట్టి లెక్కగట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. పళ్లు పెరిగినకొద్దీ బండ బరువూ పెరిగి, సీనియర్ విభాగానికి వచ్చేసరికి టన్ను దాటుతుంది. గడువులోగా ఎన్ని అడుగులు లాగితే అంత స్థానం.

ఒకసారి తాడు పక్కనే కూర్చుని చూశాను. బండ కదలబోయే క్షణం ముందు ఏమీ జరగదు. రెండు ఒంగోలు గిత్తలు మోకాళ్లు వంచి, మూపురాలు ముందుకు వాల్చి, కాడి కిందకి తల దూర్చి కళ్లు పెద్దవి చేస్తాయి. గొలుసు తీగలా బిగుస్తుంది. తోలేవాడు బండ మూలను గడ్డపారతో కొద్దిగా ఎగలేస్తాడు. అంతే, నేలకూ రాయికీ మధ్య ఉన్న పట్టు ఊడి దిమ్మె గర్రుమంటూ కదులుతుంది. కదిలాక ఆపకూడదు. ఆగితే మళ్లీ ఆ మొదటి కష్టం పడాలి. బండ వెళ్లిన చోట నేల సానపట్టినట్టు నున్నగా మెరుస్తుంది. మైకులో వ్యాఖ్యాత గొంతు పోయేదాకా అరుస్తూనే ఉంటాడు.

ఉత్త నేల మీద ఈడిస్తే బరువులో సగానికి పైగా బలం పెట్టి లాగాలి. కింద దుంగలు వేస్తేనో, దారి తడిపితేనో ఆ లెక్క బాగా తగ్గుతుంది. ఈజిప్టులో క్రీ.పూ. 1900 ప్రాంతపు జెహుటిహోటెప్ సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. స్లెడ్జి మీద పెద్ద విగ్రహం, 172 మంది తాళ్లు పట్టి లాగుతున్నారు, స్లెడ్జి ముందు ఒకడు నీళ్లు పోస్తున్నాడు. చాలాకాలం అది పూజా తంతు అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష చేస్తే, ఇసుకను సరైన పాళ్లలో తడిపితే లాగాల్సిన బలం సగానికి పడిపోతుందని తేలింది. మా రేగట్లో మాత్రం ఆ కిటుకు పారదు. నీళ్లు పోశారో, బండా ఎడ్లూ మనిషీ కలిసి బురదలో కూరుకుపోవాల్సిందే! ఇక్కడ రాయి తరలించాలంటే కోతలయ్యాక, నేల ఇటుకలా గట్టిపడ్డాక తరలించాలి. ఎడ్లకు పని లేని రోజులు కూడా అవే.

గని దాటని రికార్డులు

ప్రపంచంలో మనిషి చెక్కిన అతి బరువైన రాళ్లన్న పేరు లెబనాన్‌లోని బాల్బెక్‌వి. 2014లో జర్మన్ పురావస్తు సంస్థ అక్కడి గనిలో బయటపెట్టిన దిమ్మె సుమారు 1,650 టన్నులు. ఈజిప్టు అస్వాన్‌లోని అసంపూర్ణ స్తంభం దాదాపు 42 మీటర్ల పొడవు, వెయ్యి టన్నులకు పైమాటే. రెండింటికీ ఒకటే పోలిక, గని దాటి అడుగు బయట పెట్టలేదు. అస్వాన్‌ది మధ్యలో బీటలు వారింది. మన రికార్డుల పుస్తకాలు వీటికి మొదటి పేజీ ఇస్తాయి గానీ, నా ఓటు నడిచిన రాళ్లకే. ఇంగ్లాండులోని స్టోన్‌హెంజ్‌లో ఆరు టన్నుల బలిపీఠపు రాయి కనీసం 750 కిలోమీటర్ల అవతల ఉన్న ఉత్తర స్కాట్లాండ్‌దని 2024లో తేలింది.

పెద్ద రాయిని కదపడం యంత్రాలున్న కాలంలోనూ నల్లేరు మీద నడక కాదు. భువనగిరి దగ్గర రాయగిరిలో గణపతి స్థపతి బృందం చెక్కిన బుద్ధుడు ట్రెయిలర్ మీద హైదరాబాద్ దాకా క్షేమంగానే వచ్చాడు. 1990 మార్చి 10న హుస్సేన్ సాగర్‌లో పడవ ఒరిగి నీళ్లలోకి జారిపోయాడు. మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది.

వెన్నలాంటి రాయి, బట్టీ పాలైన రాయి

అమరావతి శిల్పాల్లో ముత్యాల సరాలు, చీర కుచ్చిళ్లు, ఏనుగు చర్మం ముడతలు చూసి ముక్కున వేలేసుకునేవాళ్లకు సగం రహస్యం రాయిలోనే ఉంది. పుస్తకాల్లో పాలరాయి అని రాస్తారు గానీ అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. గ్రానైటులోని స్ఫటికపు రవ్వలు ఉలి మొనను తినేస్తాయి. సున్నపురాయి ఉలికి లొంగుతుంది, పైగా పొరలుగా లేస్తుంది కాబట్టి పలక తీయడం తేలిక. పల్నాడు నుంచి దిగువకు కృష్ణ ఉండనే ఉంది. పల్నాడులోని దుర్గిలో ఇప్పటికీ ఆ జాతి రాతినే చెక్కుతున్నారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ సున్నపురాతి గుణమే శాపమైంది. 1797లో కోలిన్ మెకంజీ అమరావతి వచ్చేనాటికి, కొత్త రాజధాని కడుతున్న జమీందారు మనుషులు స్తూపం దిబ్బను తవ్వి రాళ్లు తీసుకుపోతున్నారు. బొమ్మలున్న పలకలెన్నో సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవాటిలో నూటపాతిక దాకా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, అంతకన్నా ఎక్కువ చెన్నైలో ఉన్నాయి. గ్రానైటుతో చెక్కి ఉంటే ఎవరూ కాల్చేవారు కాదు. అప్పుడు ఆ కుచ్చిళ్లూ ఉండేవి కావు.

అతి చిన్నది, అతి పెద్దది

చిన్నరాయి పనితనానికి భట్టిప్రోలు చాలు. 1892లో అలెగ్జాండర్ రీ స్తూపం తవ్వితే రాతి పెట్టె, దాని లోపల స్ఫటికపు భరిణె. పెట్టె అంచున చెక్కిన అక్షరాలు మన లిపి పూర్వీకుల్లో తొలి తరానివి. స్ఫటికం ఇనుము కన్నా గట్టిది, ఉలికి లొంగదు. కరకు పొడి వేసి రుద్ది రుద్ది అరగదీయడం తప్ప దారి లేదు. తమలపాకంత పనికి ఎన్ని నెలలు పట్టిందో!

పెద్దదానికి మరీ వెనక్కి వెళ్లక్కర్లేదు. రాతికట్టడపు డ్యాముల్లో ప్రపంచంలోనే అతి పెద్దదని పేరు పొందినది మనదే, నాగార్జునసాగర్. ఎత్తు 124 మీటర్లు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. సిమెంటుకూ విదేశీ యంత్రాలకూ కటకటలాడుతూ, చేతులకు కొదవలేని దేశం కాబట్టి కాంక్రీటు బదులు రాతినే ఎంచుకున్నారు. కర్రలతో కట్టిన ఏటవాలు నిచ్చెన బాటల మీద ఆడా మగా బారులు తీరి, తలమీద రాయితో ఎక్కి, ఖాళీ చేతులతో దిగారు. రాకాసి గుళ్లున్న లోయను నీట ముంచిన గోడ కూడా మనిషి నెత్తిన మోసిన రాయే. లోయలోని కట్టడాలు తొమ్మిదింటిని ముందే ఊడదీసి కొండ మీదికి తీసుకెళ్లి మళ్లీ పేర్చారు. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలూ ఆ లోయవే. ముడుమాల్‌లో పేరు లేని నిలువురాయికి అక్కడ పేరూ బొమ్మా వచ్చాయి. ఆ తర్వాత ఊరూరా వెలసిన వీరగల్లులు వాటి వారసులే.

ఆ సాగర్ కుడికాలువ నీళ్లే ఇవాళ గుంటూరు, ప్రకాశం మాగాణినీ మిరపనూ తడుపుతున్నాయి.

రంపానికి వజ్రం

ఒంగోలు దగ్గరి చీమకుర్తి నల్లరాయి లోకమంతా గెలాక్సీ గ్రానైట్ అన్న పేరుతో చలామణీ అవుతోంది. నల్లటి నేపథ్యంలో బంగారు చుక్కలు. అవి బంగారమూ కాదు, రాయి నిక్కమైన గ్రానైటూ కాదు, గాబ్రో జాతిది. చుక్కలేమో కంచు రంగులో మెరిసే బ్రాంజైట్ ఖనిజం. ఆ గనుల్లో ఇప్పుడు మేకులూ మంటలూ లేవు. కృత్రిమ వజ్రాల పూసలు గుచ్చిన తీగను బండ చుట్టూ తిప్పి, నీళ్లు పోస్తూ, వెన్న కోసినట్టు కోస్తారు. ఈ నేల అసలు వజ్రాలకూ పుట్టిల్లే. కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు కృష్ణ ఒడ్డునే ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

మొన్న హైవే పక్కన టీకొట్టు దగ్గర ఒక లారీ ఆగి ఉంది. పొడుగాటి ట్రెయిలర్, దాని మీద నడిమధ్యన ఒకే ఒక్క నల్లదిమ్మె, ముందూ వెనకా ఖాళీ. ఘనమీటరు మూడు టన్నుల దాకా తూగుతుంది, బండికి అదే నిండు మోపు. క్లీనరు కుర్రాడు చక్రం కింద అడ్డుగా ఒక రాయి పెట్టి, టీ తాగి, డ్రైవరు కేకేయగానే ఎక్కేశాడు. చీమకుర్తి గనిలో ఏరుకున్న ముక్కే అయ్యుంటుంది, విరిగిన అంచున బంగారు చుక్కలు మెరుస్తున్నాయి. లారీ వెళ్లిపోయింది. రాయి మిరపతోట గట్టున, రేగట్లో ఉండిపోయింది.