‘రైఖ్’ అను జర్మను పదము: అపోహలు, వాస్తవములు

ద్వితీయ ప్రపంచ సంగ్రామ చరిత్రను చదివిన మన పాఠకులలో పెక్కుమందికి ‘రైఖ్’ అను జర్మను నామవాచకము చెవినబడినంతనే హిట్లరును, ఆతని స్వస్తిక పతాకములును స్ఫురించుట సహజమే. కాని వేయేండ్లకు పైబడి ప్రజల నోట నున్న మాటను పండ్రెండేండ్ల దుష్పరిపాలనమునకు ధారపోయుట న్యాయము కాదు.

నాజీలే దీనిని కల్పించిరనుట మొదటి అపోహ. ‘మూడవ రైఖ్’ అను నినాదము సైతము వారి సొంతము కాదు. అది 1923లో మోలర్ వాన్ డెన్ బ్రుక్ అను రచయిత తన గ్రంథమునకు పెట్టిన పేరు. ఆ లెక్కలో మొదటిది 1806లో అంతరించిన పవిత్ర రోమక సామ్రాజ్యము, రెండవది 1871లో బిస్మార్కు నెలకొల్పినది.

రైఖ్ అనగా చక్రవర్తి యేలెడి సామ్రాజ్యమే యనుట ఇంతకంటె బలముగ నాటుకొన్న భ్రమ. 1918లో కైజరు సింహాసనము వీడి హాలండునకు పోయిన పిమ్మట, 1919లో వైమారున రచింపబడిన రాజ్యాంగము తన మొదటి అధికరణముననే జర్మను రైఖ్ గణతంత్రమని ప్రకటించినది. చక్రవర్తి పోయినను రైఖ్ పోలేదు, జీను తయారించు వృత్తినుండి వచ్చిన ఎబెర్టు దానికి అధ్యక్షుడైనాడు. సామ్రాజ్యమని స్పష్టముగ చెప్పవలసినచో జర్మనులు ‘కైజర్‌రైఖ్’ అందురు. రాజు పాలించునది ‘కోనిగ్‌రైఖ్’. నేటికిని వారి భాషలో ఫ్రాన్సు ‘ఫ్రాంక్‌రైఖ్’, ఆస్ట్రియా ‘ఓస్టర్‌రైఖ్’, రెండును గణతంత్రములే. క్రైస్తవుల ప్రార్థనలోని దైవరాజ్యమును రైఖే, వృక్షశాస్త్రజ్ఞుని వృక్షజగత్తును రైఖే. నాజీలను బద్ధశత్రువులుగా నెంచిన తూర్పు జర్మనీ కమ్యూనిస్టులు తమ రైళ్లను ‘రైఖ్స్‌బాన్’ పేరిటనే నడిపిరి, ఆ పేరు వారి రాజ్యముకంటె దీర్ఘాయువై 1993 చివరివరకు నిలిచినది!

మనలో కొందరు అభిమానవశమున దీనిని సంస్కృత ‘రాజ్య’ శబ్దభవమని చెప్పుదురు. బాంధవ్యము నిజమే, జన్యజనక సంబంధము మాత్రము లేదు. సంస్కృతమున ‘రాజన్’, లాటినున ‘రెక్స్’, కెల్టిక్‌న ‘రీక్స్’ ఒకే ప్రాచీన మూలమునుండి పుట్టిన తోబుట్టువులు. జర్మనుల పూర్వులు తమ పొరుగువారైన కెల్టులనుండి ఈ మాటను పుచ్చుకొనిరి. పిత్రార్జితముగ వచ్చినదైనచో అందలి అచ్చు వేరుగ నుండవలెను. ప్రాచీన రూపమున గల ఈకారము కెల్టిక్ భాషల ముద్ర. సీజరు నెదిరించిన గాల్ వీరుడు వెర్సింజెటోరిక్స్ పేరు తుదనున్నది ఆ ‘రీక్స్’ శబ్దమే. ధనికుడను అర్థమిచ్చు ‘రైఖ్’ విశేషణమును ఈ వంశములోనిదే; తొలుత బలవంతుడని చెప్పిన మాట క్రమముగ భాగ్యవంతుని కంటుకొన్నది, లోకరీతి యట్టిదే కదా!

అట్లని నేటి జర్మనులు తమ దేశమును రైఖ్ అని పిలుతురనుకొనరాదు. 1949లో వెలసిన సమాఖ్య గణతంత్రము ఆ నామమును విడిచినది. అయినను దాని పార్లమెంటగు బుండెస్టాగ్ 1999నుండి బెర్లినులో సమావేశమగు భవనము పేరు మాత్రము రైఖ్‌స్టాగే.