మీకు తెలుసా? బర్డ్ ఫ్లూ ముప్పు ఎక్కువ కోడిని కోసే చోటే!

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చనిపోతున్న రోజుల్లోనే, కర్నూలు నగరంలోని ఎన్.ఆర్. పేటలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ కబురుతో సీమలోనూ చాలా ఇళ్లు చికెన్ జోలికి పోలేదు. నిజానికి ఈ ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. పచ్చి మాంసానికి, జబ్బు కోడికి మీరెంత దగ్గరగా ఉంటారన్నదే లెక్క.

సంగటిలోకి కోడి పులుసు మానక్కర్లేదు
బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ 70 డిగ్రీల సెల్సియస్ వేడికి చచ్చిపోతుంది. పొయ్యి మీద తెర్లే పులుసు వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఎముక దగ్గర ఎర్రదనం పోయేదాకా ముక్క ఉడికితే నిశ్చింతగా తినొచ్చు.

పచ్చి ముక్క మాత్రం ప్రాణాల మీదికి తేవచ్చు
2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. అది హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. ఇంట్లో కోడిమాంసం కోస్తున్నప్పుడు పాప పచ్చి ముక్క తిన్నదని కుటుంబ సభ్యులు చెప్పారు. కత్తిపీట దగ్గరికి పసిపిల్లల్ని రానివ్వకండి. జబ్బు కోడి పెట్టిన గుడ్డు లోపల కూడా వైరస్ ఉండొచ్చు. బలం కోసమని పచ్చి గుడ్డు తాగే అలవాటుంటే మానుకోండి.

మనకు అంత తేలిగ్గా అంటదు, ఎందుకు?
ఈ వైరస్ అతుక్కోవడానికి అనువైన కణాలు మన ముక్కులో, గొంతులో తక్కువ. ఊపిరితిత్తుల లోతుల్లో ఎక్కువ. అందుకే మనిషి నుంచి మనిషికి అది ఆగకుండా పాకిన దాఖలా ఇప్పటిదాకా లేదు. అయితే అలాంటి కణాలు కంటి పొరలోనూ ఉంటాయి. కోడిని ముట్టిన చేత్తో కన్ను నులుముకోవద్దనేది అందుకే.

సోకేది కొద్దిమందికే, సోకితే మాత్రం గండమే
2003 నుంచి ప్రపంచమంతటా నిర్ధారణ అయిన హెచ్5ఎన్1 కేసులు సుమారు వెయ్యి మాత్రమే. కానీ వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. తేలికపాటి జ్వరంతో బయటపడినవాళ్లు లెక్కకు రాకపోయి ఉండొచ్చు. అయినా తేలిగ్గా తీసుకునే జబ్బు కాదిది.

మీరు ఏ వరుసలో ఉన్నారు?
బాగా ఉడికిన కూర తినేవాళ్లకు ముప్పు లేనట్టే. అంగడిలో కోసిచ్చిన మాంసాన్ని ఇంట్లో కడిగి వండేవాళ్లకు కొద్దిగా ఉంటుంది. చికెన్ సెంటర్లో కోసేవాళ్లకు, ఫారంలో పనిచేసేవాళ్లకు, ఇంట్లో నాటుకోళ్లు సాకేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. అందరికంటే ఎక్కువ ముప్పు జబ్బుపడిన కోడిని పట్టి కోసేవాళ్లకు. వేణ్ణీళ్లలో ముంచి బొచ్చు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు తుంపర్లు ముఖం మీద పడతాయి. మన ఊళ్లలో ఆ పని చాలావరకు ఆడవాళ్లదే. పని కాగానే చేతులు, కత్తిపీట సబ్బుతో రుద్ది కడగాలి. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని కరిగించేస్తుంది.

‘కొక్కెర తెగులే’ అనుకుని వదిలేయొద్దు
గంప కింద మూసిన కోళ్లు తెల్లారేసరికి ఒకదాని వెంట ఒకటి చచ్చిపోతే కొక్కెర తగిలిందంటాం. చచ్చేలోగా కోసుకుందాం, దండగైపోతుంది అనుకునే ఇళ్లూ ఉన్నాయి. కొక్కెర తెగులుకూ బర్డ్ ఫ్లూకూ తేడా కంటితో చూసి చెప్పలేం. తురాయి నీలంగా మారినా, ముఖం వాచినా, ఉన్నట్టుండి కోళ్లు రాలిపోయినా వాటిని కోయకండి, అమ్మకండి, చెరువులో పారేయకండి. పశువుల డాక్టరుకు గానీ, 1962 నంబరుకు గానీ చెప్పండి. నమూనా భోపాల్ ల్యాబుకు వెళ్తేనే ఏ తెగులో తేలుతుంది.

ఎండను నమ్ముకోవద్దు
కోడి రెట్టలో ఈ వైరస్ 37 డిగ్రీల వేడిలో 6 రోజులు, 4 డిగ్రీల చలిలో 35 రోజులు బతికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీమ ఎండ దాని ఆయుష్షును తగ్గిస్తుందే తప్ప వెంటనే చంపదు. ఇక ఫ్రిజ్‌లో దాచిన పచ్చి మాంసంలో అది భద్రంగా ఉంటుంది.

పిల్లికి పేగులు వేయొద్దు
2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు హెచ్5ఎన్1 సోకింది. పచ్చి పేగులు, చర్మం పిల్లులకు, కుక్కలకు వేయకుండా లోతుగా గుంత తీసి పూడ్చండి.

డాక్టరుతో ఈ ఒక్క మాట చెప్పండి
జబ్బు కోడిని ముట్టిన పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చినా, కళ్లు ఎర్రబడినా ఆస్పత్రికి వెళ్లండి. ‘మా ఇంట్లో కోళ్లు చచ్చాయి, నేను ముట్టుకున్నాను’ అని అడగకముందే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదం ఉంది. ఒసెల్టామివిర్ మందు జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది.