కంప్యూటరు మొరాయిస్తే ‘ఫార్మాట్’ ఒక్కటేనా మందు?

దరఖాస్తుకు ఆఖరు రోజు. వివరాలన్నీ నింపి ఫొటో జత చేసే వేళకు తెర బిగుసుకుపోతుంది. బాణం గుర్తు కదలదు. మీట నొక్కిన ఎంతో సేపటికి గాని అక్షరం పడదు. కాసేపటికి ‘మెమరీ తక్కువగా ఉంది’ అని హెచ్చరిక. చేసేది లేక స్విచ్చి కట్టేస్తే నింపినదంతా గల్లంతు. కాస్త పాతబడిన కంప్యూటరున్న ఇళ్లలో ఇది తరచు ఎదురయ్యే బెడదే.

మర్నాడు బజారుకు తీసుకుపోతే చాలా దుకాణాల్లో వినిపించే మాట ఒకటే: ‘ఫార్మాట్ కొట్టాలి’. అంటే డిస్కు తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడమన్న మాట. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు, ఇంటి కాగితాలు ముందే వేరే చోట దాచుకోకపోతే అవీ పోతాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకొన్నట్లు! పోనీ, ఫార్మాట్ కొడితే మెమరీ పెరుగుతుందా అంటే అదీ లేదు. కొన్నాళ్లు హుషారుగా నడుస్తుంది. పాత ప్రోగ్రాములన్నీ తిరిగి చేరగానే కథ మొదటికి వస్తుంది.

అసలు మెమరీ అన్న మాటలోనే తికమక ఉంది. ‘ఐదువందల జీబీ ఉంటే తక్కువెలా అవుతుంది?’ అని అడిగేవారెందరో. అది డిస్కు లెక్క. ర్యామ్ సంగతి వేరు. గుమాస్తా ముందున్న బల్ల ర్యామ్ అనుకొంటే, రికార్డు గదిలోని బీరువా డిస్కు. బల్ల నిండితే విండోస్ కొన్ని కాగితాలను బీరువాకు పంపి, కావలసినప్పుడు తెప్పించుకొంటుంది. డిస్కులో ఇందుకు కేటాయించిన చోటును పేజ్ ఫైల్ అంటారు. చిక్కల్లా బీరువా దూరంగా ఉండడమే. తిరిగే పళ్లేలున్న పాత రకం హార్డ్ డిస్కు నుంచి ఒక ముక్క తేవడానికి పట్టే కాలం ర్యామ్‌తో పోలిస్తే ఇంచుమించు లక్ష రెట్లు. డిస్కు దీపం ఆగకుండా మిణుకుమంటూ ఉంటే గుమాస్తా పరుగుల మీద ఉన్నాడని అర్థం. ర్యామూ, పేజ్ ఫైలూ కలిపినా చాలని పరిస్థితి వచ్చినప్పుడే పై హెచ్చరిక. సి డ్రైవు నిండిపోతే పేజ్ ఫైలు పెరిగే చోటుండదు. కాబట్టి ముందు అక్కడ కాస్త ఖాళీ చేయాలి.

ఆ తర్వాత నాడి చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అందులో మెమరీ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తింటున్న ప్రోగ్రాము పైకి వస్తుంది. చాలా ఇళ్లలో దొంగ బ్రౌజరే. ఇరవై ముప్పై పేజీలు ఒకేసారి తెరిచి వదిలేస్తే అది మాత్రం ఏం చేస్తుంది? వాడని పేజీలను నిద్రపుచ్చే ఏర్పాటు క్రోమ్‌లో మెమరీ సేవర్ పేరుతో, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ పేరుతో ఉంది. స్విచ్చి వేయగానే పిలవని పేరంటానికి వచ్చి కూర్చునే ప్రోగ్రాములను స్టార్టప్ శీర్షిక కింద ఆపవచ్చు. పనేమీ లేకున్నా ఒక ప్రోగ్రాము గంటగంటకూ ఎక్కువ తింటూ పోతుంటే అది లీకు. దాన్ని మూసి తెరవాలి, కొత్త వెర్షను ఉంటే వేసుకోవాలి.

‘రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం’ అనే వారు గమనించవలసిన విషయం ఒకటుంది. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది పనిచేస్తున్న యంత్రంలో షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం డిస్కులో దాగి, మర్నాడు అలాగే తిరిగి వస్తుంది. డ్రైవరులో లీకుంటే అదీ వెంటే వస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే బల్ల పూర్తిగా కడిగినట్లు. ఇక ‘ర్యామ్ శుభ్రం చేస్తాం’ అంటూ వచ్చే ప్రోగ్రాముల జోలికి పోకపోవడమే మేలు. అవి చేసేది బల్ల మీద కాగితాలను బలవంతంగా బీరువాలోకి తోయడమే.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే అప్పుడు ర్యామ్ కొనే మాట. 1995లో విండోస్ 95కు కనీసం 4 ఎంబీ ఉంటే చాలన్నారు. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 జీబీ కావాలి. అంటే వెయ్యి రెట్లకు పైనే! ఆ నాలుగుతో యంత్రం తెరుచుకొంటుంది గాని పని సాగదు. ఇంటి అవసరాలకు ఎనిమిదైనా ఉండాలి. అయితే 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. చూడకుండా కొని చేతి చమురు వదిలించుకోవడమెందుకు? టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో ఉంటుంది. డీడీఆర్ 3 రకం యంత్రంలో డీడీఆర్ 4 ముక్క పట్టదు, కింది గాడి వేరే చోట ఉంటుంది. 32 బిట్ విండోస్‌లో 4 జీబీకి మించి వేసినా దండుగే. కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చే వీలే లేదు.

కొత్తది కొనే ముందు ఉన్నది సరిగా కూర్చుందో లేదో కూడా చూడాలి. ముక్క కదిలితే కొన్నిసార్లు ఉన్న ర్యామ్ తక్కువగా కనిపిస్తుంది, లేదా తెర వెలగక ‘కీ కీ’మని చప్పుడు వస్తుంది. మెకానిక్కులు దాన్ని తీసి, పసుపురంగు అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి పెడతారు. ఇంట్లో చేయదలిస్తే ప్లగ్గు పీకి, ఇనుప పెట్టెను ఓసారి ముట్టుకొని, అప్పుడు చేయి పెట్టాలి. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్పు టిక్కుమని పడేదాకా నొక్కాలి.