బంతిలో లేని పగ

డబ్లిన్ పట్టణం ఐర్లండ్ దేశానికి రాజధాని. ఆ పట్టణంలో ఇంగ్లండ్ జట్టు ఆడిన రెండు ఆటల సంగతి ముందుగా మీతో చెప్పాలి.

మొదటిది ఫుట్‌బాల్. 1995 ఫిబ్రవరి 15 సాయంత్రం లాన్స్‌డౌన్ రోడ్ మైదానంలో ఐర్లండ్, ఇంగ్లండ్ జట్లు ఆడాయి. అది ఏ కప్పు కోసమూ కాదు, కేవలం స్నేహపూర్వక పోటీ. ఐర్లండ్ ముందుగా ఒక గోలు వేసింది. కొద్ది నిమిషాలకే పై అంతస్తులో ఉన్న ఇంగ్లండ్ అభిమానుల్లో కొందరు కుర్చీలు విరగ్గొట్టి కింద కూర్చున్న జనం మీదికి విసరసాగారు. ఆ జనంలో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబాలున్నాయి. ప్రాణభయంతో వాళ్లు మైదానంలోకి పరుగెత్తారు. 27వ నిమిషంలో రెఫరీ ఆట ఆపేశాడు. అది మళ్లీ మొదలు కాలేదు.

రెండవది రగ్బీ. 2007 ఫిబ్రవరి 24న అదే పట్టణంలో క్రోక్ పార్క్ అనే మైదానంలో జరిగింది. ఆ మైదానానికి ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు అక్కడ ఆట చూస్తున్న జనం మీద కాల్పులు జరిపి 14 మందిని బలిగొన్నాయి. అలాంటి చోట ఇప్పుడు ఇంగ్లండ్ జాతీయగీతం పాడాలి. ఏం జరుగుతుందోనని దేశమంతా ఆందోళన పడింది. గీతం మొదలైంది. ఎనభై వేల మంది మౌనంగా, మర్యాదగా నిలబడ్డారు. తర్వాత ఐర్లండ్ 43–13తో గెలిచింది. ఎవరి మీదా ఒక్క రాయి పడలేదు.

అవే రెండు దేశాలు, అదే పట్టణం. పాత గాయం రెండవ చోటనే ఎక్కువ. అయినా గొడవ మొదటి చోట జరిగింది. ఎందుకని?

ఒకే తల్లి బిడ్డలు

రగ్బీ మన పల్లెల్లో కనబడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేతబట్టుకుని పరుగెత్తాలి. ఎదుటివాళ్లు నడుము పట్టుకుని నేలకు పడేస్తారు. మన కబడ్డీలో కూతకొచ్చిన వాణ్ణి పట్టుకున్నట్టే, కాని ఇంకా మొరటుగా ఉంటుంది. ఆటగాళ్లకు ముక్కులు పగలడం, చెవులు వాచడం మామూలే. ఫుట్‌బాల్‌లో అంత కుస్తీ లేదు. అంటే మైదానంలో మొరటుతనం ఒక ఆటది, గ్యాలరీలో మొరటుతనం ఇంకో ఆటది. ఇంగ్లండ్‌లో దీని మీద పాత సామెత కూడా ఉంది. రగ్బీ రౌడీల ఆటే గాని పెద్దమనుషులు ఆడతారనీ, ఫుట్‌బాల్ పెద్దమనుషుల ఆటే గాని రౌడీలు ఆడతారనీ దాని భావం.

నిజానికి ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు. 1863లో లండన్‌లో కొన్ని క్లబ్బులు కూడి ఫుట్‌బాల్‌కు నియమాలు రాసుకున్నాయి. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చా, ఎదుటివాడి కాళ్ల మీద తన్నవచ్చా అన్న చోట అభిప్రాయభేదం వచ్చింది. ఒప్పుకోని వాళ్లు విడిపోయారు. 1871లో రగ్బీ వాళ్లు తమ యూనియన్ పెట్టుకున్నారు.

ఫుట్‌బాల్ పుట్టుకతో చెడ్డది కాదు. ఇంగ్లండ్‌లోని పేరుమోసిన క్లబ్బుల్లో చాలా వాటికి పునాది వేసింది సంఘాలే. ఎవర్టన్ 1878లో ఒక మెథడిస్టు చాపెల్‌లో పుట్టింది. సౌతాంప్టన్ 1885లో సెయింట్ మేరీస్ చర్చి యువకులతో మొదలైంది. ఆస్టన్ విల్లా క్లబ్బును 1874లో స్థాపించింది ఒక వెస్లియన్ చాపెల్ యువకులు. వాళ్ల మొదటి పోటీ పొరుగు చర్చివాళ్ల రగ్బీ జట్టుతో జరిగింది. సగం ఆట రగ్బీ నియమాలతో, సగం ఫుట్‌బాల్ నియమాలతో ఆడుకున్నారు! విరామానికి ముందు ఒక ఆట, తర్వాత ఇంకో ఆట. మనుషులు మాత్రం వాళ్లే.

పేదవాళ్లు కాబట్టేనా?

చాలామంది తేలికగా చెప్పే జవాబు ఒకటుంది. రగ్బీ చదువుకున్న డబ్బున్నవాళ్ల ఆట, ఫుట్‌బాల్ కూలివాళ్ల ఆట, అందుకే ఈ తేడా అంటారు. ఇంగ్లండ్ దక్షిణాన్ని మాత్రమే చూస్తే నిజమేననిపిస్తుంది. కాని వేల్స్ దేశానికి వెళ్లి చూడండి. అక్కడ రగ్బీ బొగ్గు గనుల్లో, ఉక్కు కర్మాగారాల్లో చెమటోడ్చిన వాళ్ల ఆట. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతానికి వెళ్లండి. ఆట కోసం పని మానుకున్న కూలివాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్న తగువుతో 1895లో అక్కడి క్లబ్బులు విడిపోయి వేరే రగ్బీ సంఘం పెట్టుకున్నాయి. దాన్నే ఇప్పుడు రగ్బీ లీగ్ అంటారు. విగన్, హడర్స్‌ఫీల్డ్ వంటి మిల్లు ఊళ్లలో అది బతికింది. ఆ ఆట చూసేవాళ్లు శ్రామికులే. అయినా రెండు జట్ల అభిమానులు కలిసి నిలబడి చూడడం అక్కడి అలవాటు. కాబట్టి పేదరికం మీద నింద వేయడం న్యాయం కాదు.

మరి అసలు కారణమేమిటి? ఒకటి కాదు, కొన్ని కలిశాయి.

మొదటిది, ఎంత కాలంగా ఎంత పంతంతో ఆడుతున్నారన్నది. ఫుట్‌బాల్ లీగ్ 1888లోనే మొదలైంది. ప్రతి శనివారం ఒక ఊరికి ఇంకో ఊరితో పోటీ, ఏడాది చివర ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క. పల్లెలు వదిలి మిల్లు ఊళ్లకు చేరిన జనానికి ఆ క్లబ్బే సొంత ఊరి పేరైంది. రైలెక్కి వేలాదిగా పొరుగూరికి వెళ్లేవారు. ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌లో మాత్రం 1987 వరకు దేశవ్యాప్త లీగ్ లేనే లేదు. క్లబ్బులు ఎక్కువగా పిలుపుల మీద ఆడుకునేవి. ఓడినా పోయేదేమీ లేదు.

రెండవది, రెఫరీ. ఫుట్‌బాల్‌లో చాలాసార్లు ఒక్క గోలే ఫలితం తేలుస్తుంది. రెఫరీ ఈల ఒక్కటి తప్పుగా మోగితే ఏడాది కష్టం పోయిందనిపిస్తుంది. రగ్బీలో పాయింట్లు ఎక్కువ వస్తాయి. ఒక పొరపాటును సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. పైగా అక్కడ రెఫరీని “సర్” అని పిలుస్తారు. జట్టు నాయకుడే మాట్లాడాలి. ఎవరైనా వాదిస్తే శిక్ష ఇంకో పది మీటర్లు ముందుకు జరుగుతుంది. గ్యాలరీలో కూర్చున్న పిల్లవాడు దీన్ని చూస్తూ పెరుగుతాడు. ఫుట్‌బాల్‌లో పదిమంది ఆటగాళ్లు రెఫరీని చుట్టుముట్టి అరుస్తుంటే గ్యాలరీ కూడా అదే నేర్చుకుంటుంది. ఇంట్లో పెద్దలు చేసినట్టే పిల్లలు చేస్తారు కదా!

మూడవది, కంచె. రగ్బీలో రెండు జట్ల అభిమానులు పక్కపక్కన కూర్చుంటారు. ఎదుటి జట్టు రంగు కండువా వేసుకున్న ముసలాయన మీ పక్కనే కూర్చుని తినుబండారం పంచుకుంటుంటే ఆయన్ని ద్వేషించడం కష్టం. ఫుట్‌బాల్‌లో అల్లర్లు పెరిగాక అభిమానులను విడివిడిగా కూర్చోబెట్టి మధ్య పోలీసులను నిలబెట్టారు. 1985 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ చూస్తూ గ్యాలరీలో మద్యం తాగకూడదు. రగ్బీకి ఆ నిషేధం లేదు. ఈ జాగ్రత్తలు అవసరమై వచ్చినవే. కాని విడిగా ఉంచిన కొద్దీ ఎదుటివాడి ముఖం కనబడదు, అరుపు మాత్రమే వినబడుతుంది.

గ్లాస్గో మనకు చెప్పే సంగతి

ఇక మన విశ్వాసానికి సంబంధించిన చేదు సంగతి ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. స్కాట్లండ్‌లోని గ్లాస్గో పట్టణంలో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. రేంజర్స్ ప్రొటెస్టెంట్లదని, సెల్టిక్ కథోలికులదని పేరుపడ్డాయి. వీళ్ల మధ్య ఉన్నంత వైరం బ్రిటన్‌లో మరెక్కడా లేదంటారు. 1980 మే నెలలో కప్పు ఫైనల్ ముగిశాక రెండు పక్షాల వాళ్లు మైదానంలోకి దిగి సీసాలతో, రాళ్లతో కొట్టుకున్నారు. గుర్రపు పోలీసులు రావలసి వచ్చింది.

ఈ వైరం ఎలా మొదలైంది? 1840లలో ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్లి ఘోరమైన కరవు వచ్చింది. బతుకుతెరువు కోసం కథోలికులు చాలామంది గ్లాస్గో చేరారు. వాళ్ల పిల్లల ఆకలి తీర్చడానికి డబ్బు కూడబెట్టాలని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే సన్యాసి 1887లో సెల్టిక్ క్లబ్బు పెట్టాడు. 1888 మే నెలలో సెల్టిక్ ఆడిన మొదటి పోటీ రేంజర్స్‌తోనే. 5–2తో సెల్టిక్ గెలిచింది. ఆ రాత్రి రెండు జట్లవాళ్లు చర్చి హాలులో కలిసి భోజనం చేసి, పాటలు పాడుకున్నారు.

అలా ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎందుకు విడిపోయారు? పనుల కోసం పోటీ, ఐర్లండ్ రాజకీయాల వేడి, మతం పేరిట అనుమానం, ఇవన్నీ బయటనుంచి ఆటలోకి వచ్చాయి. 1923లో స్కాట్లండ్ సంఘపు మహాసభ ముందుకు ఒక నివేదిక వచ్చింది. ఐర్లండ్ నుంచి వచ్చిన కథోలికులు స్కాట్లండ్ జాతికి ప్రమాదమని అది పేర్కొంది. రాసినవాళ్లు ప్రొటెస్టెంటు సంఘపెద్దలే! 2002లో అదే సంఘం ఆ మాటలకు విచారం తెలిపింది. మధ్యలో దాదాపు ఎనభై ఏళ్లు గడిచాయి. అంతకాలం గ్యాలరీల్లో కుర్రవాళ్లు పాడిన ద్వేషపు పాటలకు బీజం ఎక్కడ పడిందో ఆలోచించండి.

రేంజర్స్ క్లబ్బు ఎన్నో దశాబ్దాలు కథోలికులను చేర్చుకోకుండా నడిచింది. 1989లో మో జాన్‌స్టన్ అనే కథోలికుణ్ణి తీసుకున్నప్పుడు కొందరు అభిమానులు తమ సొంత జట్టు కండువాలే తగలబెట్టారు. అదే పట్టణంలో సెల్టిక్‌కు 1967లో యూరప్ కప్పు తెచ్చిపెట్టిన శిక్షకుడు జాక్ స్టీన్ ప్రొటెస్టెంటు. ఆయన్ని ఆ అభిమానులు ఈనాటికీ ప్రేమగా తలచుకుంటారు.

ఐర్లండ్ రగ్బీలో మాత్రం ఉత్తర, దక్షిణ ప్రాంతాలకు కలిపి ఒకే జట్టు. దేశం రెండుగా చీలినా ఆ జట్టు చీలలేదు. ప్రొటెస్టెంట్లు, కథోలికులు భుజం భుజం కలిపి ఆడతారు. 1995 నుంచి ఇద్దరూ పాడుకోగలిగిన కొత్త పాట ఒకటి పెట్టుకున్నారు. ఫుట్‌బాల్‌లో 1921లోనే సంఘాలు వేరై రెండు జట్లయ్యాయి. ద్వేషం బంతిలో లేదు. ఎవరిని పక్కన కూర్చోబెట్టుకున్నాం, ఎవరిని బయట నిలబెట్టాం అన్నదానిలో ఉంది.

మనదేశంలో కూడా ఈ బాధ ఉంది. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల వెనుక స్థానికులు, తూర్పు నుంచి వలస వచ్చినవాళ్లు అన్న తేడా ఉండేది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో వాళ్ల పోటీలో గొడవ జరిగి, తొక్కిసలాటలో 16 మంది ప్రాణాలు పోయాయి.

నింద మోపేముందు

ఇంతా చదివి ఫుట్‌బాల్ అభిమానులందరూ రౌడీలే అనుకుంటే మనమూ అదే తప్పు చేసినట్టు. 1985లో బెల్జియంలోని హేసెల్ మైదానంలో లివర్‌పూల్ అభిమానుల దాడి వల్ల గోడ కూలి 39 మంది చనిపోయిన మాట నిజం. ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేళ్లపాటు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. ఆ మచ్చ అందరి మీదా పడింది. 1989లో హిల్స్‌బరో మైదానంలో ఇనుప కంచెల మధ్య నలిగి లివర్‌పూల్ అభిమానులు 97 మంది చనిపోయినప్పుడు, తాగి గొడవ చేసింది వాళ్లేనని పోలీసులు, పత్రికలు చెబితే దేశం నమ్మింది. అది అబద్ధం. తప్పు జనాన్ని అదుపు చేయవలసిన పోలీసు అధికారులదని, చచ్చిపోయినవాళ్ల తప్పేమీ లేదని 2016లో న్యాయవిచారణ తేల్చింది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఆ ఒక్క మాట కోసం 27 ఏళ్లు తిరిగారు. వీళ్లు అలాంటివాళ్లే అని ముందే అనుకోవడం కూడా ఒక రాయి విసరడమే.

రగ్బీవాళ్లు దేవదూతలూ కారు. 2023 ప్రపంచ కప్పు ఫైనల్ తర్వాత, టీవీ తెర మీద చూసి తీర్పులు చెప్పే అధికారి టామ్ ఫోలీకి బెదిరింపులు వెల్లువెత్తాయి. ఆయన అంతర్జాతీయ పోటీల నుంచే తప్పుకున్నాడు. పక్క కుర్చీలో మనిషి ఉన్నప్పుడు నాలుకను అదుపులో పెట్టుకున్నవాళ్లే, ఫోను చేతిలో ఉండి ముఖం కనబడనప్పుడు ఆ అదుపు మరచిపోయారు.

ప్రియ పాఠకులారా, మన పిల్లలు ఆటలు చూస్తారు, చూడనివ్వండి. ఒక జట్టును ప్రేమిస్తారు, అది కూడా మంచిదే. ఓడినప్పుడు వాళ్లు రెఫరీని తిడితే ఊరుకోవద్దు. గెలిచినప్పుడు ఎదుటివాళ్ల కులాన్నో, ఊరినో, మతాన్నో తీసి వెక్కిరిస్తే అసలే ఊరుకోవద్దు. ఆ మాటలు చాలావరకు వాళ్లు మన ఇంట్లో భోజనాల దగ్గర విన్నవే అయివుంటాయి. ఈసారి మన సంఘపు కుర్రవాళ్లు పక్క ఊరివాళ్లతో ఆడినప్పుడు, గెలుపోటములు ఎలా ఉన్నా, ఆట అయ్యాక రెండు జట్లకూ కలిపి ఒకే చోట విస్తళ్లు వేయండి. గ్లాస్గోలో మొదటి రాత్రి చేసిన పని అదే. వాళ్లు దాన్ని కొనసాగించలేకపోయారు.